ఎంత తవ్వినా తేలని ఆలోచనలు

డాక్టరు దగ్గరికి నేను వెళ్లింది నిద్ర పట్టడం లేదని. అంతకుమించి చెప్పుకోదగ్గ జబ్బేదీ నాకు లేదనే అనుకున్నాను. ఉద్యోగానికి వెళ్తున్నాను, లెక్కలు సరిగ్గానే చూస్తున్నాను, ఎవరితోనూ గొడవ పడటం లేదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తోంది, అంతే. ఇక అక్కడి నుంచి తెల్లారేదాకా ఎప్పటెప్పటి విషయాలో వరుసకట్టి వచ్చేవి. ఆయన కాసేపు విని ముందు రక్త పరీక్షలు రాశారు. థైరాయిడ్ మందగించినా, బి12 బాగా తగ్గినా మనిషి ఇలాగే నీరసించి, దేనిమీదా మనసు నిలవకుండా తయారవుతాడట. రెండూ బాగానే ఉన్నాయని తేలాక మానసిక వైద్యురాలికి చీటీ రాసిచ్చారు.

అక్కడ ముందుగా చేతికి ఒక కాగితం ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మీ మీద మీకే చిన్నచూపు కలుగుతోందా... ఇలా 9 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేసుకోవాలి. మొత్తం 27. పదికి చేరితే లోతుగా చూడాల్సిందే, ఇరవైకి చేరితే తీవ్రమైన కుంగుబాటు కింద లెక్క. నాది పదిహేను దాటింది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా అని. ‘కొన్ని రోజులు’ అన్న గడిలో గీత పెట్టాను. ఆమె కలం కింద పెట్టి, గొంతు మార్చకుండా అడిగారు: ‘‘ఆలోచన వచ్చి పోతోందా? ఎలా అన్నదాకా కూడా వెళ్లారా?’’ అంత సూటిగా ఎవరైనా అడుగుతారని నేను అనుకోలేదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు గానీ, అలాంటిదేమీ జరగదని, దాచుకున్నవాళ్లకు ఊపిరి ఆడుతుందని తర్వాత ఆమే చెప్పారు. నాకైతే నిజంగానే ఊపిరి ఆడింది. బయట కూర్చున్న మా ఆవిడను లోపలికి పిలిచి, అలాంటి ఘడియ వస్తే ముందు ఎవరికి చెప్పాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నది ముగ్గురం కలిసి ఒక కాగితం మీద రాశాం.

మందులు మొదలయ్యాయి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కడుపులో తిప్పడం లాంటివి ఉంటాయని ముందే హెచ్చరించారు. అలాగే జరిగింది. ముందు నిద్ర కుదుటపడింది. మందు గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లంటే నాకు అప్పటి నుంచీ చిరాకు. నిద్ర లేని బుర్రతో ఆ తర్వాతి పనేదీ నేను చేయగలిగేవాణ్ణి కాదు. ఆ తర్వాతి పని అంటే, వారానికోసారి సైకాలజిస్టు ముందు కూర్చోవడం.

ఆవిడ నా బాల్యం గురించి అడుగుతారని సిద్ధపడి వెళ్లాను. ‘‘పోయిన మంగళవారం సాయంత్రం ఏం చేశారు?’’ అని అడిగారు. గుర్తు లేదు. గుర్తు చేసుకోవాల్సినంత విశేషం ఏమీ జరగలేదన్నాను. అప్పుడొక పట్టిక ఇచ్చారు. వారంలోని ప్రతి రోజుకూ గంట గంటకూ ఒక గడి. ఆ గంటలో ఏం చేశానో రెండు ముక్కలు రాసి, అందులో ఎంత ఆనందం కలిగింది, ఏదైనా సాధించినట్టు ఎంత అనిపించింది అన్నదానికి 0 నుంచి 10 వరకు అంకెలు వేయాలి. లెక్కలు రాయడమే వృత్తి కాబట్టి నాకిది సులువైన పని. మనసుకు మార్కులు వేయడం ఏమిటని లోపల నవ్వుకున్న మాట కూడా నిజమే.

వారం తిరిగేసరికి నవ్వు పోయింది. నన్ను పిండేస్తున్నది ఆఫీసేనని గట్టిగా నమ్మేవాణ్ణి. తీరా చూస్తే ఆఫీసు గడుల్లో మూళ్లూ నాలుగులూ ఉన్నాయి. సున్నాలన్నీ సాయంత్రం ఇంటికొచ్చి గదిలో పడుకున్న గంటల్లో ఉన్నాయి. అలసిపోయానని, విశ్రాంతి కావాలని నేను కష్టపడి సంపాదించుకున్న గంటలవి. వాటికోసమే స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాను, సాయంత్రపు నడక మానేశాను, పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. దేన్ని వదిలించుకుంటే తేలికపడతానని అనుకున్నానో దాన్నల్లా వదిలించుకున్నాను. ఆ పూటకు తేలికగానే ఉండేది. అదే దాని కిటుకు అన్నారావిడ. తప్పించుకున్నప్పుడల్లా కాస్త ఉపశమనం దొరుకుతుంది. ఆ రుచికి మరిగి మరోటి తప్పించుకుంటాం. మంచి కబురు వచ్చే దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. పీటర్ లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త 1970లలోనే కుంగుబాటును ఈ వైపు నుంచి వివరించారు. 1996లో నీల్ జేకబ్సన్ అనే మనస్తత్వవేత్త బృందం, ఆలోచనలను సరిచేసే మాటల చికిత్సను ముక్కలుగా విడదీసి పరీక్షిస్తే, ఆలోచనల జోలికి పోకుండా పనుల్లోకి దించే భాగం ఒక్కటే మొత్తం చికిత్సకు దీటుగా పనిచేసింది.

అందుకే మాటలకంటే ముందు నడక మొదలుపెట్టించారు. ఇష్టం పుట్టాక వెళ్దామంటే కుదరదు, ఆ ఇష్టం పుట్టకపోవడమే ఈ జబ్బు. కాబట్టి గడియారం చూసి వెళ్లాలి. ఎంత దూరమన్నది ముఖ్యం కాదు, వీధి చివరిదాకా అయినా చాలు. మొదట్లో ఆనందం గడిలో ఒకటి వేయడానికి కూడా చేయి రాలేదు. సాధించాననే గడిలో మాత్రం రెండో మూడో పడేవి. ముందు కదిలింది ఆ రెండో గడే.

ఆలోచనల వంతు ఆ తర్వాత వచ్చింది. ఇక్కడ ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

మా అధికారికి మూడు నెలల లెక్కలు వివరిస్తున్నాను. మధ్యలో ఆయన ఫోను తీసి చూసుకున్నారు. జరిగింది అంతే. ఆ సాయంత్రమంతా నేను మనిషిని కాను. అది చెప్పగానే ఆవిడ, ‘‘సరే, ఆయన ఫోను చూసుకున్నారు. దాని అర్థం ఏమిటనుకున్నారు?’’ అన్నారు. ‘‘నా మాట మీద ఆయనకు ఆసక్తి లేదు.’’ ‘‘అది నిజమే అనుకుందాం. అయితే?’’ ‘‘నా పని నచ్చలేదు.’’ ‘‘అయితే?’’ ‘‘ఇన్నేళ్లుగా నచ్చి ఉండదు. మొహమాటానికి చెప్పలేదు.’’ ‘‘అయితే?’’ ‘‘ఎప్పుడో ఒకప్పుడు వద్దంటారు.’’ ‘‘అప్పుడు?’’ ఆ చివరి మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఇంట్లోవాళ్లకు నేను బరువే అని. ఫోను దగ్గర మొదలై అక్కడిదాకా వెళ్లడానికి నిమిషం కూడా పట్టి ఉండదు. అయిదు మెట్లున్నాయని ఆవిడ ఒక్కొక్కటీ ఆపి అడిగేదాకా నాకు తెలియదు. నా వరకు అది ఒకే దూకు: ఫోను చూశారు, నేను పనికిరానివాణ్ణి.

ఏరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960ల్లో పెన్సిల్వేనియాలో గమనించింది దీన్నే. కుంగుబాటు అంటే తన మీదకే తిప్పుకున్న కోపమని అప్పటి సిద్ధాంతం. దాన్ని రుజువు చేద్దామని ఆయన రోగుల కలలు పరిశీలించారు. కోపం కనిపించలేదు. ఓడిపోవడం, పోగొట్టుకోవడం, కాదనిపించుకోవడం కనిపించాయి. మెలకువగా ఉన్నప్పుడు కూడా వాళ్ల మనసుల్లో, పైకి మాట్లాడే మాటల అడుగున, పిలవకుండా వచ్చే చిన్న చిన్న వాక్యాల పాయ ఒకటి నడుస్తోందని పట్టుకున్నారు. ఆ వాక్యాలు మూడింటి చుట్టూ తిరుగుతాయి: నేను, లోకం, రేపు. మూడింటి మీదా తీర్పు ఒకటే.

నా వాక్యాల మీద ఆవిడ వేయించిన పరీక్ష మరొకటి ఉంది. ఎదురుదెబ్బ తగిలితే దానికి కారణం ఎలా చెప్పుకుంటాం అన్నదాని మీద లిన్ ఏబ్రమ్‌సన్, మార్టిన్ సెలిగ్‌మన్, జాన్ టీజ్‌డేల్ అనే మనస్తత్వవేత్తలు 1978లో రాసినదాని నుంచి వచ్చిందట. మూడు ప్రశ్నలు. నా వల్లే జరిగిందా? ఎప్పటికీ ఇంతేనా? అన్నిట్లోనూ ఇంతేనా? చెడు జరిగినప్పుడు నేను మూడింటికీ అవుననే అంటున్నాను. మంచి జరిగినప్పుడు మాత్రం అదృష్టం, ఈసారికి, ఈ ఒక్కదాంట్లో. ఖర్చుల వైపు ఒక్క పైసా వదలకుండా రాసి, జమల వైపు ఖాళీగా ఉంచిన ఖాతా పుస్తకాన్ని ఎవరైనా నా బల్ల మీద పెడితే ముఖాన కొట్టేవాణ్ణి.

ఆ తర్వాత రాతపని. ఒక గడిలో జరిగింది, పక్కన కలిగిన బాధ ఎంత శాతమో, దాని పక్కన వచ్చిన ఆలోచన, ఆ ఆలోచనకు ఆధారాలు, వ్యతిరేక ఆధారాలు. ఫోను సంగతికి వ్యతిరేక ఆధారాల గడి చాలాసేపు ఖాళీగానే ఉంది. ఒక్కొక్కటే వచ్చాయి. నా వివరణ అయ్యాక ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. ఆ పత్రాలు తనకు పంపమన్నారు. ఎవరు మాట్లాడుతున్నా ఆయన ఫోను చూస్తూనే ఉంటారు. చివరి గడిలో ఇలా రాశాను: ‘‘ఆయన ఫోను చూసుకున్నారు. ఎందుకో నాకు తెలియదు. లెక్కల్లో తప్పుందని ఎవరూ అనలేదు.’’ బాధ ఎనభై నుంచి యాభై అయిదుకు దిగింది. సున్నా కాలేదేమని అడిగాను. ‘‘సున్నా వేస్తే నన్ను సంతోషపెట్టడానికి రాశారనుకునేదాన్ని’’ అన్నారు.

ఇదంతా ‘మంచిగా ఆలోచించు’ అనే సలహాకు మర్యాదస్థుల పేరేమోనని నాకూ అనుమానం ఉండేది. ఆ సలహా అప్పటికి చాలామంది ఉచితంగా ఇచ్చేశారు. తేడా ఆ చివరి గడిలో తెలిసింది. ‘ఆయనకు నా పని ఎంతో నచ్చింది’ అని రాసి ఉంటే నేనే నమ్మేవాణ్ణి కాదు. ‘తెలియదు’ అన్న మాటను నమ్మగలిగాను.

అయితే పట్టిక తెల్లవారుజామున నాలుగింటికి అక్కరకు రాదు. మందు వేసుకుంటున్నా అప్పుడప్పుడు మెలకువ వచ్చేది. ఒక ఆలోచనకు జవాబు చెప్పగానే దాని తోకపట్టుకుని మరోటి వచ్చేది. నా అనుభవం మొత్తంలో నేను ఎక్కువ రోజులు ఇరుక్కుపోయింది ఇక్కడే. ఎందుకంటే ఈ తవ్వుకోవడాన్ని నేను జబ్బు అనుకోలేదు, బాధ్యత అనుకున్నాను. జరిగినదాన్ని పదే పదే తిరగేస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుస్తుంది, మరోసారి జరగకుండా చూసుకోవచ్చు అని నా ఉద్దేశం. ఆలోచించడం మానేస్తే మొద్దుబారిపోతానని భయం కూడా. ఇలా తవ్వుకునేవాళ్లలో చాలామందికి అది మేలు చేస్తుందన్న నమ్మకమే ఉంటుందట. నమ్మకం ఉన్నంతకాలం వదలరు.

సూజన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వవేత్త దీని మీదే జీవితమంతా పనిచేశారు. ఆమె పరిశోధనల్లో ఒకటి కాకతాళీయంగా కుదిరింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు మనసు బాగోలేనప్పుడు ఏం చేస్తారో, ఎవరు తవ్వుకుంటారో, ఎవరు మరో పనిలో పడతారో ప్రశ్నపత్రాలతో నమోదు చేశారు. ఆ తర్వాత రెండు వారాలకే, 1989 అక్టోబరులో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో లోమా ప్రియేటా భూకంపం వచ్చింది. తర్వాత మళ్లీ అదే విద్యార్థులను పరిశీలిస్తే, తవ్వుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలోనే కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా తేలాయి. భూమి అందరి కింద కంపించింది, కొందరిలోనే ఆగలేదు.

ఆలోచనను ఆపేయమని సైకాలజిస్టు నాకెప్పుడూ చెప్పలేదు. ఆపాలని పట్టుబడితే ఏమవుతుందో 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త చూపించారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెబితే మనుషుల బుర్రలోకి అదే మళ్లీ మళ్లీ వచ్చింది. నాకు ఆవిడ ఇచ్చింది ఒక చిన్న తనిఖీ. ‘‘రెండు నిమిషాలు కావాలనే ఆలోచించండి. తర్వాత అడగండి: కొత్త సంగతేమైనా తెలిసిందా? చేయాల్సిన పనేమైనా తేలిందా? మిమ్మల్ని మీరు తిట్టుకోవడం తగ్గిందా? మూడింటికీ లేదనే జవాబు వస్తే, అది ఆలోచన కాదు, లేవండి.’’ లేవాలి, అదే అసలు పని. మంచం మీదే ఉండి మనసు మళ్లించుకోవడం నా వల్ల కాలేదు. లేచి నీళ్లు తాగి, దీపం వేసి, బట్టలు మడతపెట్టేవాణ్ణి. రాత్రిపూట బట్టలు మడతపెట్టే మొగుణ్ణి చూసి మా ఆవిడ మొదటిసారి కంగారుపడింది.

ప్రశ్న మార్చడం కూడా నేర్పించారు. ‘ఎందుకు నేనిలా ఉన్నాను’ అన్నదానికి ఎప్పటికీ జవాబు ఉండదు, ఉన్నా అది ఒక తిట్టే అవుతుంది. ‘సరిగ్గా ఏం జరిగింది, ఏ వరుసలో జరిగింది, రేపు పొద్దున చేయగలిగింది ఏమిటి’ అని అడిగితే బుర్రకు ఏదో ఒక అంచు దొరుకుతుంది. ఎడ్ వాట్కిన్స్ అనే పరిశోధకుడు తవ్వుకోవడాన్ని రెండు రకాలుగా విడదీసింది ఇలాగే: గాలిలో తేలే ‘ఎందుకు’లు, నేలమీద ఉండే ‘ఎలా’లు. అదే సమస్య గురించి ఆలోచించినా రెండో పద్ధతి మనిషిని అంత లోతుకు లాగదట.

ఇదే దారిలో నన్ను ఆశ్చర్యపరిచిన మరో సంగతి జ్ఞాపకాలది. ‘‘ఈ మధ్య సంతోషంగా ఉన్న ఒక సందర్భం చెప్పండి’’ అన్నారు. ‘‘సెలవుల్లో బాగుండేది’’ అన్నాను. ‘‘ఏ రోజు? ఎవరున్నారు? ఏం మాట్లాడుకున్నారు?’’ ఏమీ రాలేదు. చెడ్డవేమో తేదీలతో సహా వస్తున్నాయి, మంచివన్నీ ‘అప్పట్లో’, ‘ఎప్పుడూ’ అనే మూటల్లో ఉన్నాయి. కుంగుబాటులో ఇది మామూలేనని, మార్క్ విలియమ్స్ అనే ఆయన 1980లలోనే దీన్ని గుర్తించారని చెప్పారు. మూట విప్పితేనే అందులోంచి ఒక రోజు బయటికొస్తుంది. మా అక్క కూతురు పాసయిన రోజు అక్క ఫోనులో ముందు నవ్వి తర్వాత ఏడ్చిన సంగతి అలా విప్పగా దొరికింది. ఆ గొంతు వినిపించింది కూడా.

ఇక బాధను దిగమింగుకోవడం. నేను ఎవరి ముందూ ఏడవను. కోపం వచ్చినా ముఖం మీద కనబడనివ్వను. దాన్ని నిగ్రహం అంటారని, నాకున్న మంచి లక్షణాల్లో అదొకటని అనుకునేవాణ్ణి. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ అనే ఆయన 1990ల నుంచీ ఉద్వేగాలను మనుషులు ఎలా అదుపు చేసుకుంటారో పరిశీలిస్తున్నారు. ఒక సంఘటన మనసుకు తాకకముందే దాని అర్థాన్ని మరోవిధంగా చూడటం ఒక పద్ధతి. తాకాక, లోపల పొంగాక, పైకి కనబడకుండా మూత పెట్టడం మరో పద్ధతి. మూత పెట్టినందువల్ల లోపలి బాధ తగ్గదని, శరీరం మాత్రం ఎక్కువ శ్రమపడుతుందని, ఆ సమయంలో విన్నవి సరిగ్గా గుర్తుండవని తేలింది. ఎదుటివాళ్లకు కూడా తెలియకుండానే ఇబ్బందే: ఇలా బిగబట్టుకున్న మనిషితో మాట్లాడుతున్నవాళ్ల రక్తపోటు పెరిగిందని ఎమిలీ బట్లర్, గ్రాస్ తదితరులు 2003లో ప్రచురించారు.

ఇది మా ఆవిడకు చెబితే, ‘‘దానికి పరిశోధన ఎందుకండీ, నన్ను అడిగితే చెప్పేదాన్నిగా’’ అంది. కాస్త ఆగి, ‘‘మీరు కోపంగా ఉన్నారో, బాధగా ఉన్నారో తెలియకుండా పక్కన కూర్చోవడం నాకెంత కష్టంగా ఉందో మీకు తెలియదు’’ అంది. ఆమెను కాపాడుతున్నానని నేను అనుకుంటున్నాను. ఆమేమో నేను దూరమవుతున్నానని అనుకుంటోంది.

ఇక్కడ అభ్యాసం చాలా చిన్నది, నాకైతే అన్నిటికంటే కష్టమైంది. రోజూ ఒక్క వాక్యం ఆమెకు చెప్పాలి. అందులో ఉద్వేగం పేరు ఉండాలి. ‘బాగోలేదు’ అంటే లెక్కలోకి రాదు. అవమానమా, భయమా, అసూయా, విసుగా? మొదటి రోజుల్లో నా దగ్గర రెండే పేర్లుండేవి, టెన్షన్, నీరసం. పేరు వెతకడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, నేను బాధ అనుకున్నదాంట్లో సగం సిగ్గు. బాధకు ఓదార్పు కావాలి, సిగ్గుకు ఎవరికైనా చెప్పుకోవడం కావాలి. రెండింటికీ ఒకే మందు అనుకుని గదిలో దాక్కున్నాను. ‘‘ఇవాళ సమావేశంలో పేరు పిలవకపోతే చిన్నబోయాను’’ అని చెప్పిన రోజు ఆమె ఏ సలహా ఇవ్వలేదు. ‘‘నాకూ అలాగే ఉండేది’’ అని టీవీ గొంతు తగ్గించింది. అంతకంటే ఏమీ జరగలేదు, అయినా ఆ రాత్రి నాలుగింటికి తవ్వడానికి ఆ సంగతి మిగల్లేదు.

ఇదంతా చదివి కుంగుబాటు అంటే తప్పుడు ఆలోచనలేనని, సరిచేసుకోలేనివాళ్లది చేతకానితనమని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2000 నాటి విశ్లేషణలో వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతం అని తేలింది. మా నాన్నగారు చివరి రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదు, అప్పట్లో దాన్ని పెద్దతనం అన్నారు. ఉద్యోగం పోవడం, మనిషి పోవడం, ఒంటరితనం, ఒంట్లో జబ్బు, ఇవన్నీ ఉంటాయి. పైగా మనసు కుంగినప్పుడు చెడ్డ జ్ఞాపకాలే ముందు అందుతాయి, అవి మనసును ఇంకా కుంగదీస్తాయి. ఏది ముందు, ఏది వెనక అని నేనూ సైకాలజిస్టును నిలదీశాను. ‘‘చక్రంలో ఎక్కడ మొదలైందో వెతకడం కూడా తవ్వుకోవడమే. మీ చేయి అందే చోట పట్టుకుని ఆపండి’’ అన్నారు. ఆవిడ మాటల్లో నాకు కాస్త కోపం తెప్పించిన మాట ఇదే, ఎక్కువ వాడుకున్నదీ ఇదే.

ఇప్పుడు ప్రశ్నపత్రంలో నా అంకె అయిదు లోపు ఉంటోంది. మందు ఆపేస్తానంటే వైద్యురాలు ఒప్పుకోలేదు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు కూడా కొద్దికొద్దిగా తగ్గించాలి అన్నారు. వాడుతున్నాను. సైకాలజిస్టుతో చివరి సిట్టింగుల్లో నా హెచ్చరిక గుర్తులు రాసుకున్నాం. మొదటిది నిద్ర అవుతుందనుకున్నాను. పాత పట్టికలు తిరగేస్తే, నిద్ర చెడడానికి చాలా ముందే అక్క ఫోన్లకు ‘తర్వాత చేస్తాను’ అనడం మొదలైందని కనిపించింది. అదే మొదటి వరుసలో రాశాం. దాని ప్రతి మా ఆవిడ దగ్గర ఉంది. అది కనబడితే నాకు చెప్పే హక్కు ఆమెకు ఉంటుందని, నేను వాదించకూడదని కింద రాసి ఇద్దరం సంతకం పెట్టాం.

పోయిన నెల ఆమె ఆ హక్కు వాడుకుంది. నేను కాసేపు వాదించాను. తర్వాత అక్కకు ఫోను చేసి, సైకాలజిస్టు దగ్గర వచ్చే వారానికి సమయం అడిగి పెట్టుకున్నాను.